ఏ ఫిల్ము, ఏ డెవలపర్?

చిరంజీవులకు ఆశీస్సులు.

ఒకే చెట్టును ఒకే కెమెరాతో తీసిన రెండు నలుపు తెలుపు ఫోటోలలో ఒకటి నున్నగా, మరొకటి గరుకుగా ఎందుకు వచ్చిందని, ఇంతకీ ఏ ఫిల్ము మంచిదని మీలో ఒకరు అడిగారు. ఫిల్ము పేరు ఒక్కటే చెబితే అది సగం జవాబే అవుతుంది. దానిని ఏ డెవలపర్‌లో కడిగారో కూడా తెలియాలి.

ఫిల్మును విత్తనాలు చల్లిన నారుమడి అనుకోండి. జెలటిన్ పొరలో వెండి లవణపు స్ఫటికాలు కంటికి ఆనని విత్తనాలుగా పరచుకొని ఉంటాయి. కెమెరా తెర తెరుచుకున్న క్షణంలో వెలుగు సోకిన విత్తనాలకు మొలిచే శక్తి వస్తుంది కాని, పైకి ఏ మార్పూ కనిపించదు. డెవలపర్ అనే నీరు పెట్టినప్పుడే అవి నల్లని వెండిగా మొలకెత్తుతాయి. వెలుగు సోకని వాటిని ఆ తరువాత ఫిక్సర్ కరిగించి తీసేస్తుంది. ఫిల్ము వెలుగును ఎంత తేలికగా పట్టుకుంటుందో చెప్పే అంకెను వేగం అంటారు. 400 వేగం ఉన్న ఇల్‌ఫోర్డ్ కంపెనీ ఫిల్ము హెచ్‌పీ5 ప్లస్‌లో విత్తనాలు పెద్దవి కనుక కొద్దిపాటి వెలుగుకే మేల్కొంటాయి, మొలక కూడా మోటుగానే వస్తుంది. 50 వేగం ఉన్న పాన్ ఎఫ్ ప్లస్‌కు దానికంటే ఎనిమిది రెట్ల వెలుగు కావాలి, కాని మొలక ఎంతో సన్నం. 1986లో వచ్చిన టీ-మాక్స్ ఫిల్ములలో కొడాక్ వారు ఈ విత్తనాలను పలుచని బిళ్ళలుగా తయారుచేసి, వేగం తగ్గకుండానే గరుకుదనాన్ని తగ్గించారు.

ఇక నీటి సంగతి. 1927 నాటి డీ-76 అనే డెవలపర్‌లో లీటరుకు 100 గ్రాముల సోడియం సల్ఫైట్ ఉంటుంది. అది స్ఫటికాల అంచులను కాస్త కరిగించి మొలకలను నునుపు చేస్తుంది. 1891 నాటి రోడినాల్ అనే మరో డెవలపర్‌ను ఒక పాలుకు 50 పాళ్ళ నీరు కలిపి వాడితే ఆ కరిగించే గుణం దాదాపు ఉండదు కనుక, ప్రతి మొలకా ఉన్నది ఉన్నట్టు పదునుగా నిలుస్తుంది. హెచ్‌పీ5ను రోడినాల్‌లో కడిగితే వచ్చే గరుకుదనం చాలామందికి నచ్చదు. ముడతలు పడ్డ ముఖాలకు, రాతిగోడలకు అంతకంటే మంచిది లేదని నా అభిప్రాయం.

నా చిన్నతనంలో మా పెద్దన్నయ్య మెట్ల కింది గదిలో ఫిల్ము కడిగేవాడు. ప్రింటు కాగితానికి ఎర్ర దీపం పనికివస్తుంది కాని, ఈ ఫిల్ములు ఎరుపునూ చూడగలవు కనుక వాటిని రీలుకు చుట్టేటప్పుడు కటిక చీకటి ఉండాలి. నేను ఊపిరి బిగబట్టి ఆ చప్పుడు మాత్రమే వింటూ నిలబడేవాణ్ణి. వెలుగు సోకి నాలుగైదు వెండి పరమాణువుల చుక్క ఏర్పడితే చాలు, డెవలపర్‌లో కోటానుకోట్ల పరమాణువులున్న స్ఫటికమంతా వెండిగా మారిపోతుందని పెద్దయ్యాక చదివాను. అది ఎలాగో విడమరిచి చెప్పడం కంటే, తలుచుకొని ఆశ్చర్యపోవడమే నాకు ఇప్పటికీ ఇష్టం.

పోల్చి చూడాలంటే ఓపిక కావాలి పిల్లలూ, ఒకసారికి ఒక్కటే మార్చాలి. డీ-76కు ఇంచుమించు సమానమైన ఐడీ-11లో హెచ్‌పీ5కు 20 డిగ్రీల సెల్సియస్ వద్ద ఏడున్నర నిమిషాలు పడుతుంది. అదే ద్రావణంలో సమానంగా నీరు కలిపితే 13 నిమిషాలు. వేడి మారినా, కాలం మారినా తేడా దేనివల్ల వచ్చిందో చెప్పలేరు.

పెద్దవారిని పక్కన ఉంచుకొని, చేతులకు గ్లౌజులు వేసుకొని, ఒకే దృశ్యాన్ని రోలంతా తీసి, చీకట్లో దానిని రెండుగా కత్తిరించి చెరొక డెవలపర్‌లో కడగండి. ఆరిన తరువాత భూతద్దంతో చూడండి. ఆకులున్న చోట కాదు, అక్కడ గరుకుదనం దాక్కుంటుంది. ఏమీ లేని బూడిదరంగు ఆకాశం ఉన్న చోట చూడండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య