రొమ్ము పునర్నిర్మాణంలో రోబో: ఓపీలో వినే అపోహలు, వాస్తవాలు

"డాక్టరుగారూ, ఆపరేషన్ మీరు చేస్తారా, రోబో చేస్తుందా?" క్యాన్సర్ వల్ల రొమ్ము తీసేశాక పునర్నిర్మాణం కోసం వచ్చేవాళ్లు ఈమధ్య ఇలా అడుగుతున్నారు.

అపోహ: రోబో తనంతట తానే కుడుతుంది.

కుట్టదు. సర్జన్ చెయ్యి కదిలితేనే అదీ కదులుతుంది. మన చెయ్యి సెంటీమీటరు జరిగితే సూది ఒక్క మిల్లీమీటరే జరిగేలా పెట్టుకోవచ్చు. వేళ్ల వణుకు సూది దాకా పోదు. దాని గొప్పతనం అదే.

అపోహ: రోబో లేకపోతే కుట్టు సరిగ్గా పడదు.

పొత్తికడుపు చర్మం, కొవ్వుతో రొమ్ము చేసే ‘డీప్ ఫ్లాప్’నే తీసుకోండి (అలా తీసి అమర్చే చర్మం, కొవ్వు ముక్కే ఫ్లాప్). కండరాన్ని అక్కడే ఉంచి, దానిలోంచి పైకి వచ్చే సన్నని రక్తనాళాలను విడదీస్తాం. వాటి మూలాన్ని ఛాతీ ఎముక పక్కనున్న నాళాలకు కలుపుతాం. వాటి వెడల్పు 2, 3 మిల్లీమీటర్లు. మైక్రోస్కోప్ కింద, తలవెంట్రుక కన్నా సన్నని దారంతో కుడతాం. ఈ సైజుకు అలవాటైన చెయ్యి చాలు. సిరనైతే చాలాసార్లు అసలు కుట్టం, చిన్న ప్లాస్టిక్ రింగులతో బిగించేస్తాం.

రోబో అవసరం ఇంకా చిన్న నాళాల దగ్గర. చంకలో గ్రంథులు తీశాక కొందరికి చెయ్యి వాస్తుంది. అప్పుడు చేతిలో నిలిచిపోయిన లింఫ్ అనే ద్రవం బయటికి పోయేలా, దాన్ని మోసే లింఫ్ నాళాన్ని సిరకు కలపాలి. అవి తరచూ 0.8 మిల్లీమీటరు కూడా ఉండవు. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో ‘మూసా’ రోబోను మొదటిసారి మనుషులకు వాడి చూసింది ఈ పనికే. ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. మొత్తం 20 మంది మహిళలు, అందులో 8 మందికి రోబోతో. చేత్తో కన్నా రోబోతోనే ఎక్కువసేపు పట్టింది, చేసేకొద్దీ తగ్గుతూ వచ్చింది. రోబో అంటే గబగబా అయిపోతుందనుకునేవాళ్లకు కూడా ఇదే నా జవాబు.

అపోహ: రోబో అంటే మచ్చ ఉండదు.

డావించీ అనే మరో రోబోతో ఫ్లాప్ నాళాలను కడుపు లోపలి నుంచి విడదీస్తే, కండరం మీది పొరకు పెట్టే కోత తగ్గుతుంది. చర్మం తీసిన గీత మాత్రం పొత్తికడుపు మీద ఈ పక్క నుంచి ఆ పక్కకు ఉండనే ఉంటుంది.

అపోహ: రోబో కుడితే ఫ్లాప్ రక్తం అందక చచ్చిపోవడం ఉండదు.

ఎవరు కుట్టినా నాళంలో రక్తం గడ్డకట్టవచ్చు. అందుకే మొదటి రాత్రి సిస్టర్ గంటగంటకూ ఫ్లాప్‌ను వేలితో నొక్కి చూస్తుంది. రంగు రెండు మూడు సెకన్లలో తిరిగొస్తే టెన్షన్ లేదు. నీలంగా మారి, నొక్కగానే చటుక్కున రంగొస్తే సిరలో అడ్డు. పాలిపోయి చల్లబడితే ధమనిలో. అప్పుడు రాత్రి రెండింటికైనా ఫోన్ వస్తుంది, మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్తాం.