మామోగ్రామ్‌కు ఫోన్‌లో స్లాట్: అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో మామోగ్రామ్ (రొమ్ము కేన్సర్‌ను పట్టుకునేందుకు తీసే రొమ్ము ఎక్స్‌రే) టెక్నీషియన్‌గా పని చేస్తున్నాను. మా దగ్గర ఫోన్‌లోనే స్లాట్ పెట్టుకునే వీలు వచ్చాక, దేవరకొండ, మిర్యాలగూడ వైపు నుంచి వచ్చే ఆడవాళ్లకు పొద్దున్నుంచి బెంచీ మీద కూర్చునే బాధ తప్పింది. దాంతోపాటే కొన్ని అపోహలూ పుట్టాయి. వాటిలో ఒకటి ప్రాణం మీదికి తెచ్చేది, ముందు అదే చెబుతాను.

అపోహ: రొమ్ములో గడ్డ తగులుతోంది. మూడు వారాల తర్వాత స్లాట్ దొరికింది. బుక్ అయింది కాబట్టి అప్పటిదాకా ఆగొచ్చు.

వాస్తవం: ఆగొద్దు. మీ అంతట మీరు పెట్టుకునే స్లాట్ ఏ బాధా లేనివాళ్ల స్క్రీనింగ్ (ముందుజాగ్రత్త పరీక్ష) కోసం. ఒక్కో రొమ్ముకు రెండు చొప్పున మామూలుగా నాలుగు ఫొటోలు తీస్తాం, అంతే. గడ్డ, చనుమొన నుంచి రక్తం, చర్మం లోపలికి గుంజుకుపోవడం, చంకలో వాపు ఉంటే దారి వేరు. ముందు డాక్టర్ చేత్తో చూడాలి. తర్వాత మరికొన్ని ఫొటోలు, అల్ట్రాసౌండ్, అవసరమైతే సూదితో ముక్క తీసి పరీక్ష. గడ్డలన్నీ కేన్సర్ కావు, అది తేల్చుకోవడానికే ఈ తొందర. ఫోన్ చేసి "గడ్డ ఉంది" అని ఒక్క మాట చెప్పండి, లేదా నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

బుకింగ్‌లో "లక్షణాలు ఏమైనా ఉన్నాయా" అని అడిగేది ఇందుకే. సిగ్గుతోనో, అవునంటే స్లాట్ ఇవ్వరనో చాలామంది "లేదు" నొక్కుతారు. ఒక అక్క అలాగే నొక్కి, మెషిన్ ముందు నిలబడ్డాక చెప్పింది. మళ్లీ డాక్టర్ దగ్గర మొదలుపెట్టాల్సి వచ్చింది. పోయిన ఆ వారాలు తలుచుకుంటే నాకిప్పటికీ బాధే.

అపోహ: మా అబ్బాయి బుక్ చేశాడు, ఇక నేను చూసుకోనక్కర్లేదు.

వాస్తవం: చేయనివ్వండి, కానీ నంబర్ మీదే ఇప్పించండి. లేకపోతే గుర్తుచేసే మెసేజ్ హైదరాబాద్‌లో డ్యూటీలో ఉన్న కొడుక్కి పోతుంది, ఇక్కడ అమ్మ పత్తి ఏరడానికి పోతుంది. పేరు, వయసు కూడా ఒక్కోసారి కొడుకువే పడుతున్నాయి. మెసేజ్ చదవడం రాకపోతే క్యాలెండర్‌లో ఆ తేదీకి సున్నా చుట్టించుకోండి.

అపోహ: ఏ తేదీ అయినా ఒకటే.

వాస్తవం: నెలసరికి ముందు వారం రొమ్ములు సలుపుతాయి, మెషిన్ నొక్కితే నొప్పి ఎక్కువ. నెలసరి తర్వాతి వారం తేలిక. ఆ రోజు చంకల్లో పౌడర్, సెంటు వద్దు, అవి ఫొటోలో చుక్కల్లా కనబడి టెన్షన్ పెడతాయి. పాత ఫిల్ములుంటే తెచ్చుకోండి.

25 ఏళ్ల అమ్మాయిలూ భయంతో బుక్ చేస్తున్నారు. అమెరికా నిపుణుల బృందం 2024లో చెప్పింది 40 నుంచి 74 ఏళ్ల వాళ్లకు, రెండేళ్లకోసారి. అమ్మకో అక్కకో కేన్సర్ వచ్చి ఉంటే మాత్రం ముందే డాక్టర్‌ను అడగండి.

అపోహ: ఫోన్ లేకపోతే పరీక్ష లేదు.

వాస్తవం: 30 దాటిన ఆడవాళ్లకు సర్కారు స్క్రీనింగ్‌లో చేత్తో రొమ్ము పరీక్ష ఉంది. మన తెలంగాణలో 2023 మార్చి 8న మొదలైన మంగళవారం "ఆరోగ్య మహిళ" క్లినిక్‌లలోనూ ఇది భాగమే. చేత్తో చూడటం మామోగ్రామ్‌తో సమానం కాదు, కానీ అనుమానం వస్తే అక్కడి నుంచే పెద్దాసుపత్రికి రాసిస్తారు.