హరికేన్ వెళ్లిపోయాక వచ్చే ముప్పు: ప్యూర్టో రికో విషయంలో అపోహలు - వాస్తవాలు

తుఫానుల తర్వాత నీరు, గాలి, పారిశుధ్యం పరిశీలించే పని నాది. దీవుల్లో ఉండేవాళ్లు దేనికి భయపడతారు, దేన్ని తేలిగ్గా తీసుకుంటారు అన్న చర్చ వచ్చినప్పుడల్లా, కరీబియన్ సముద్రంలో అమెరికా అధీనంలో ఉన్న ప్యూర్టో రికో దీవి ప్రస్తావన వస్తుంది. 2017 సెప్టెంబర్ 20న మరియా హరికేన్ గంటకు దాదాపు 250 కిలోమీటర్ల గాలులతో ఆ దీవిని తాకింది. 30 లక్షలకు పైగా జనం ఉన్న దీవి మొత్తం చీకటైపోయింది. అన్ని ఇళ్లకూ కరెంటు తిరిగి రావడానికి దాదాపు ఏడాది పట్టింది.

అపోహ: గాలి ఆగితే గండం గట్టెక్కినట్టే.

వాస్తవం: ప్రాణాలు పోయింది ఎక్కువగా ఆ తర్వాతే. ప్రభుత్వం నెలల తరబడి చెప్పిన మృతుల సంఖ్య 64. జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ నిపుణులు 2018 ఫిబ్రవరి వరకు మామూలు కన్నా ఎన్ని మరణాలు ఎక్కువ జరిగాయో లెక్కగట్టాక, ఆగస్టులో అది 2,975కు మారింది. వీళ్లలో వృద్ధులు, పేద ఊళ్లవాళ్లు ఎక్కువ. ఫ్రిజ్ పనిచేయక ఇన్సులిన్ పాడవుతుంది, ఆక్సిజన్ మెషిన్ ఆగిపోతుంది. వియెకెస్ అనే చిన్న దీవిలో ఉన్న ఒక్క ఆసుపత్రీ దెబ్బతినడంతో కిడ్నీ రోగులు డయాలిసిస్ కోసం విమానంలో పెద్ద దీవికి వెళ్లాల్సి వచ్చింది. తుఫాను కిట్‌లో టార్చిలైటు, బిస్కెట్లు పెట్టుకోవడం అందరికీ గుర్తుంటుంది. ఇంట్లో షుగర్ పేషెంట్ ఉంటే మందు ఎక్కడ చల్లగా ఉంచాలన్నది ముందే తేల్చుకోవాలి.

అపోహ: నీళ్లు తేటగా ఉంటే చాలు, అనుమానముంటే మరిగించి తాగొచ్చు.

వాస్తవం: కుళాయిలు ఆగిపోయినప్పుడు కొండ ఊళ్ల జనం రోడ్డు పక్క ఊటల నుంచి డబ్బాల్లో నీళ్లు పట్టుకున్నారు. చూడ్డానికి అద్దంలా ఉన్న నీటిలోనూ ఎలుకల మూత్రం కలిసి ఉండొచ్చు. దాని వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కేసులు మరియా తర్వాత పెరిగాయి. తాగితేనే వస్తుందనుకోవద్దు. బురదలో చెప్పుల్లేకుండా నడిస్తే కాలి మీది చిన్న గాయం చాలు. జ్వరం, పిక్కల నొప్పి, కళ్ల ఎరుపు చూసి డెంగ్యూ అనుకుని ఊరుకుంటే కాలేయం, కిడ్నీలు దెబ్బతినే దాకా వెళ్తుంది. తొలి రోజుల్లో మామూలు యాంటీబయాటిక్‌తో తగ్గే జబ్బు ఇది, అందుకే దీని గురించి ఇంతగా చెబుతున్నాను.

మరిగిస్తే క్రిములు చస్తాయి. లోహాలు, ఉప్పు మాత్రం పోవు. పారిశ్రామిక రసాయనాలకూ మరిగించడం మందు కాదు.

అపోహ: జనరేటర్ పొగ ఘాటుగా ఉంటే తెలుస్తుంది కదా.

వాస్తవం: చంపేది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగూ వాసనా లేవు. తలనొప్పి, వికారం వచ్చి, నిద్రలోనే స్పృహ పోతుంది. జనరేటర్ ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో, కిటికీలకు ఎదురుగా కాకుండా ఉండాలి. హుద్‌హుద్ తర్వాత విశాఖలో కరెంటు లేని రోజులు చూసినవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. అపార్ట్‌మెంట్ బాల్కనీని ‘బయట’ అని లెక్కేసుకోవద్దు.

అపోహ: దీవి జనానికి సైన్స్ తెలియదు, అందుకే అధికారుల మాట నమ్మరు.

వాస్తవం: ఈ మాట మా రంగంలోనే ఎక్కువగా వింటాను, నాకు బాధగా ఉంటుంది. వియెకెస్‌లో అమెరికా నౌకాదళం 2003 దాకా దశాబ్దాల పాటు బాంబుల శిక్షణ జరిపింది. క్యాన్సర్ గురించి అక్కడివాళ్లు అడుగుతూనే ఉన్నారు, వచ్చిన జవాబులు వాళ్లకు నమ్మకం కలిగించలేదు. గ్వాయామా అనే ఊళ్లో బొగ్గు విద్యుత్ కేంద్రం బూడిద గుట్ట పక్కన కాపురముంటున్నవాళ్లు గాలివాన అంటే ముందుగా ఆ బూడిద గురించే భయపడతారు. డోరాడో అనే ఊళ్లో, సూపర్‌ఫండ్ జాబితాలోని (అమెరికా ప్రభుత్వం శుభ్రం చేయించాల్సిన విషపూరిత స్థలాల జాబితా) కలుషిత ప్రాంతంలో ఉన్న బావి నుంచి మరియా తర్వాత జనం నీళ్లు పట్టుకున్నారు. ఆ నీరు ప్రమాణాలకు లోబడే ఉందని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ) పరీక్ష చేసి చెప్పింది. అదే సమయంలో మృతుల సంఖ్య తప్పని తమ కళ్లతో చూస్తున్నవాళ్లు ఆ మాటను అనుమానిస్తే తప్పెలా పట్టగలం?

అందుకే నీటి నమూనా తీసుకున్న ప్రతి ఇంటికీ ఫలితం తిరిగి వెళ్లాలి, అదీ వాళ్ల స్పానిష్‌లో. ఏ రసాయనాలు పరీక్షించామో, ఏవి పరీక్షించలేదో అదే కాగితం మీద రాయాలి. ఆ రెండో జాబితా ఇవ్వడానికి చాలా ఆఫీసులు ఇప్పటికీ వెనకాడతాయి.