పట్టీ పెంచితే లోడు పెరగదు: పికప్ సస్పెన్షన్‌పై అపోహలు - వాస్తవాలు

"అన్నా, వెనక ఇంకో రెండు పట్టీలు వేసెయ్. అర టన్ను ఎక్కువ ఎత్తుకుంటుంది."

చిత్తూరులో కమాన్ కట్టల (ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన, బండి బరువు మోసే స్ప్రింగుల) పని చేసే మా షెడ్డులో, టమోటా సీజన్ మొదలైందంటే ఈ మాట వినబడని వారం ఉండదు. పుంగనూరు, పలమనేరు, వి.కోట నుంచి బండ్లు వస్తాయి. జూన్ వచ్చిందంటే తోతాపురి మామిడి కాయ తోలేవాళ్లు వస్తారు. అందరూ అడిగేది ఒకటే, నేను చెప్పేదీ ఒకటే. మనిషి మనిషికీ విడిగా చెప్పేకంటే ఒకసారి రాసి పెడితే నలుగురికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

అపోహ: పట్టీలు వేస్తే బండి కెపాసిటీ పెరుగుతుంది

పెరగదు. బండి ఎంత బరువు మోయగలదో తేల్చేది కమాన్ కట్ట ఒక్కటే కాదు. హౌసింగ్ (వెనక యాక్సిల్ ఉండే గొట్టం), వీల్ బేరింగులు, ఛాసీ, టైర్లు, రిమ్ములు, అన్నిటికంటే ముఖ్యంగా బ్రేకులు, ఇవన్నీ కలిపి లెక్క వేసి కంపెనీ ఒక అంకె ఇస్తుంది. ఆర్సీలో 'లేడెన్ వెయిట్' అని ఉండేది, బండి సొంత బరువు కూడా కలుపుకుని, ఆ అంకే. నడుముకు తుండు గట్టిగా బిగించి కట్టుకుంటే మూట ఎత్తేటప్పుడు నడుముకు దన్నుగా ఉంటుంది, మోకాళ్లకు మాత్రం కొత్త బలం రాదు. పట్టీ చేసే పనీ అంతే. మిగతా సామాను అంతా పాతదే, దాని మీద బరువు మాత్రం కొత్తది.

అసలు నష్టం ఏమిటంటే, పట్టీలు వేశాక బండి కిందికి కుంగదు. అంతకుముందు ఓవర్‌లోడు వేస్తే వెనక భాగం దిగిపోయి కంటికి కనబడేది. డ్రైవరుకు భయం ఉండేది. ఇప్పుడు రెండు టన్నులు దాటినా బండి నిటారుగా నిలబడుతుంది. "చూడు, ఎంత బాగా నిలబడిందో" అనుకుంటూ ఇంకో వరుస ట్రేలు ఎక్కిస్తారు.

ట్రేల లెక్క కూడా చాలామంది తప్పుగా వేస్తున్నారు. ట్రేకు 25 కిలోల కాయ అనుకుందాం. ఖాళీ ట్రేనే ఒకటిన్నర నుంచి రెండు కిలోలు ఉంటుంది. మొత్తం 27 అనుకుంటే 62 ట్రేలకే 1,674 కిలోలు. 1.7 టన్నుల పికప్‌కు అక్కడితో సరి. పైన వేసే టార్పాలిన్, తాళ్లు, క్యాబిన్లో అదనంగా ఎక్కే మనుషులు ఆ పై లెక్క. నమ్మకం లేకపోతే ఒకసారి కాటా వేయించండి. మొత్తం బండిని ఒకసారి, ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే పెట్టి ఒకసారి. ఏ యాక్సిల్ మీద ఎంత పడుతోందో తెలిసిపోతుంది. ఆ మూడు చీట్లు తెచ్చినవాళ్లతో మాట్లాడటం నాకు చాలా సులభం.

ఇక బ్రేకుల సంగతి. దీని గురించి తెలియకనే ఎక్కువమంది ప్రాణాల మీదికి తెచ్చుకుంటున్నారు. కొన్ని పికప్‌లలో వెనక బ్రేకుకు వెళ్లే ప్రెషర్‌ను లోడును బట్టి సర్దే వాల్వు ఒకటి ఉంటుంది. ఛాసీకి వాల్వు, హౌసింగ్‌కు దాని రాడ్డు. లోడు పడి బండి దిగితే ఛాసీకి, హౌసింగ్‌కు మధ్య ఎడం తగ్గుతుంది, రాడ్డు కదులుతుంది, వెనక బ్రేకుకు ప్రెషర్ పెరుగుతుంది. ఖాళీ బండిలో ఎడం ఎక్కువ కాబట్టి ప్రెషర్ తగ్గుతుంది. లేకపోతే ఖాళీ బండి వెనక చక్రాలు లాక్ అయి జారుతుంది.

ఇప్పుడు మీరు రెండు పట్టీలు వేయించారు. నిండా లోడు వేసినా బండి దిగడం లేదు. వాల్వు మాత్రం బండి ఖాళీగా ఉందనుకుంటుంది. వెనక బ్రేకుకు ఇవ్వాల్సినంత ప్రెషర్ ఇవ్వదు. బరువు రెండు టన్నులు, ఆపే పని దాదాపు అంతా ముందు చక్రాలదే. ఊళ్లో తిరిగినంతసేపు ఏమీ తెలియదు. మొగిలి ఘాటులోనో భాకరాపేట ఘాటులోనో దిగేటప్పుడు తెలుస్తుంది. ముందు బ్రేకులు వేడెక్కి వాసన వస్తాయి, పెడల్ తొక్కినా పట్టు తగ్గుతుంది.

బంగారుపాళ్యం వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. కంతులు కడుతున్న బండి, ఇంట్లో సంపాదించేది అతనొక్కడే. ఎక్కడో రోడ్డు పక్కన పట్టీలు వేయించుకున్నాడు. లోడుతో బ్రేకు సరిగ్గా పట్టడం లేదంటే, అక్కడి వాళ్లే ఆ వాల్వు రాడ్డును పైకి లాగి బైండింగ్ వైరుతో కట్టేశారట. లోడుకు బ్రేకు బాగానే పడింది. జ్యూస్ ఫ్యాక్టరీలో కాయ దించి వానలో ఖాళీగా వస్తుంటే వెనక చక్రాలు లాక్ అయ్యాయి. బండి అడ్డం తిరిగి డివైడర్‌కు ఆనుకుని ఆగింది. దేవుడి దయ, వెనక లారీ దూరంగా ఉంది. నా దగ్గరికి వచ్చినప్పుడు అతను అడిగింది టైర్లు మార్చాలా అని! బండి కిందికి దూరి ఆ వైరు చూశాక నాకు నోట మాట రాలేదు. అదనపు పట్టీలు తీసేశాం, వాల్వు సెట్ చేశాం, ముందు ప్యాడ్లు మార్చాం. వాళ్లమ్మ ఫోన్ చేసి "బండి బాగుందా నాయనా, పంపించచ్చునా" అని అడిగింది. ఆ గొంతు గుర్తొచ్చినప్పుడల్లా, ఐదొందల కోసం వైరు కట్టి పంపేవాళ్ల మీద కోపం వస్తుంది.

లోడు ఎక్కువ వేయకపోతే బాడుగ గిట్టుబాటు కాదని మీరంటారు. తెలుసు. డీజిల్ ధర తెలుసు, మార్కెట్లో ట్రే లెక్కన ఇచ్చే బాడుగ కూడా తెలుసు. మిమ్మల్ని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. కానీ లెక్క పూర్తిగా వేయండి. హౌసింగ్ వంగితే, హ్యాంగర్ (కట్టను ఛాసీకి పట్టే బ్రాకెట్) దగ్గర ఛాసీ చిట్లితే ఎన్ని ట్రిప్పుల లాభం పోతుందో చూడండి. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ఓవర్‌లోడుకు 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకు ఇంకో 2,000 అంటోంది. రోజూ రెండు టన్నులు తోలాల్సిన పని ఉన్నవాళ్లు రెండు టన్నుల మోడల్ కొనుక్కోవడమే దారి. 1.3 టన్నుల బండిని పట్టీలతో రెండు టన్నుల బండి చేయడం నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు.

మరి పట్టీలు అసలు వేయకూడదా?

వేయవచ్చు, దానికి కారణం ఉండాలి. పాత పట్టీలు కమాను పోయి చదునైపోతే మార్చాలి. బండి మీద ఎప్పుడూ ఉండే బరువు, అంటే కంటైనర్ బాడీ, నీళ్ల ట్యాంకు, పాల కూలింగ్ డబ్బా లాంటివి ఉంటే, ఆర్సీ లెక్క లోపలే దానికి తగ్గట్టు కట్ట సరిచేయవచ్చు. ఇక్కడే అనుభవం ఉన్న చెయ్యి కావాలి. పట్టీ ఎంత మందం పెంచితే ఎంత గట్టిదనం వస్తుందో చూపుతో అంచనా వేస్తే తప్పుతుంది. గట్టిదనం మందానికి ఘనం లెక్కన పెరుగుతుంది. 8 మిల్లీమీటర్ల పట్టీ తీసి 10 వేస్తే "రెండు మిల్లీమీటర్లే కదా" అనిపిస్తుంది. ఆ పట్టీ దాదాపు రెట్టింపు గట్టిదవుతుంది. ఖాళీ బండి గెంతుతుంది, టైరు అక్కడక్కడా పళ్లు పళ్లుగా అరుగుతుంది, పోయేది డ్రైవరు నడుమే.

నాకు పని నేర్పిన పెద్దాయన స్పానర్ పట్టుకునే ముందు టేపు పట్టుకునేవాడు. నాలుగు చక్రాల దగ్గరా, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలిచి గోడ మీద సుద్దతో రాసేవాడు. "ఏం తోల్తావు, ఏ దారిలో తోల్తావు" అని అడిగాకే బండి లోపలికి రానిచ్చేవాడు. ఇప్పటికీ మా షెడ్డులో అదే పద్ధతి. ఆర్సీ అడగని, లోడు అడగని, టేపు తీయని చోట బండి ఇవ్వకండి.

ఇంట్లో బావమరిదిని పెట్టుకుని వీడియో చూస్తూ కట్ట విప్పేవాళ్లకు ఒక మాట. కట్ట మధ్యలో పట్టీలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు మీద అవన్నీ బిగి మీద ఉంటాయి. క్లాంపు వేయకుండా నట్టు తిప్పితే పట్టీలు ఎగిరి మొహానికి తగులుతాయి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకండి. ఛాసీ కింద స్టాండులు ఉండాల్సిందే.

అపోహ: గట్టి షాక్‌లు వేస్తే బండి కుంగదు

మామూలు షాక్ అబ్జార్బర్ బరువు మోయదు. ఊగే బండిని ఆపడమే దాని పని. కుంగడం కట్ట సమస్య, ఊగడం షాక్ సమస్య. బండి ఒక పక్కకే ఒరిగితే కట్ట మార్చే ముందు బుష్‌లు (కట్ట చివర్లలో ఉండే తొడుగులు), షాకిల్ (కట్ట చివరను ఛాసీకి కలిపే ఊగే లింకు), విరిగిన రెండో పట్టీ చూడమనండి. సెంటర్ బోల్టు తెగి హౌసింగ్ జరిగిపోయిన బండ్లు కూడా వస్తుంటాయి. వెనక నుంచి చూస్తే బండి కాస్త అడ్డంగా నడుస్తున్నట్టు కనబడుతుంది.

అపోహ: విరిగిన పట్టీకి వెల్డింగ్ పెడితే సీజన్ గడుస్తుంది

గడవదు. స్ప్రింగ్ స్టీలుకు బలం వేడి చేసి చల్లార్చి ఇచ్చిన పదునులో ఉంటుంది. వెల్డింగ్ వేడికి ఆ పదును చెడి, అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది. అది మెయిన్ పట్టీ అయితే హౌసింగ్ జరిగి బండి ఏ పక్కకు లాగుతుందో చెప్పలేం. గ్యాసుతో కాల్చి కమాను ఎక్కించే పనికి కూడా నేను ఒప్పుకోను. మార్చడం ఒక్కటే మార్గం. మార్చేటప్పుడు రెండు పక్కలా మార్చండి.

అపోహ: బ్లాకు పెట్టి ఎత్తు పెంచితే బండి బలంగా ఉంటుంది

ఇది ఎక్కువగా తిరుపతి నుంచి ఇసుజు వీ-క్రాస్ పికప్‌లతో వచ్చే కుర్రాళ్ల ప్రశ్న. శ్రీసిటీలో ఇసుజు ఫ్యాక్టరీ 2016 నుంచి ఉంది. ఆ బండి మన ప్రాంతంలోనే తయారవుతోందని వాళ్లకు గర్వం, నాకూ గర్వమే. కానీ ఎత్తు వేరు, బలం వేరు. వెనక కట్టకు, హౌసింగ్‌కు మధ్య బ్లాకు (దిమ్మె) పెడితే హౌసింగ్ మెలి తిరగడం ఎక్కువవుతుంది, షాఫ్ట్ కోణం మారి వైబ్రేషన్ వస్తుంది. బ్లాకు మీద బ్లాకు అసలే వద్దు. ముందు కాయిల్ ఎత్తు పెంచితే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు, బాల్ జాయింట్లు వంపు మీద పనిచేసి తొందరగా అరుగుతాయి. అలైన్‌మెంట్ తప్పనిసరి, హెడ్‌లైట్ల సెట్టింగ్ అంతకంటే తప్పనిసరి. ఎదురొచ్చేవాడి కళ్లలోకి లైటు కొట్టి మనం సాధించేదేమీ లేదు. చట్టం సంగతీ తెలుసుకోండి. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం 52వ సెక్షన్ ఒప్పుకోదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఎత్తులో మంచి షాక్‌లు, కొత్త బుష్‌లు, సరైన కట్ట వేసుకుని తలకోన దారిలో నడిపి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. కాయిల్ మధ్యలో దూర్చే రబ్బరు ముక్కలకు డబ్బు పెట్టకండి. పట్టీలకు పాత ఇంజిన్ ఆయిల్ పూయకండి, రబ్బరు బుష్‌లు ఉబ్బుతాయి, దుమ్ము పట్టి పట్టీలనే తింటుంది. లోడు ఎక్కువైందని టైరులో గాలి ఇష్టమొచ్చినట్టు పెంచకండి, టైరు మీద రాసిన అంకె దాటకూడదు. రబ్బరు బుష్ ఉన్న షాకిల్ బోల్టులను బండి గాల్లో ఉండగా పూర్తిగా బిగించేస్తే, కిందికి దించగానే బుష్ మెలి తిరిగి కొద్ది నెలల్లోనే చిరుగుతుంది. చక్రాలు నేల మీద ఆనాకే చివరి బిగింపు. మీ ముందే అలా చేయమని అడగండి, అడిగితే తప్పేమీ కాదు.

కట్టను హౌసింగ్‌కు బిగించే యూ బోల్టుల విషయంలో మాత్రం పట్టుపడతాను. పాతవి బాగున్నాయి కదా అని మళ్లీ వేయించుకోకండి. ఒకసారి బిగిసిన బోల్టు సాగి ఉంటుంది. కొత్తవి వేశాక, లోడుతో 500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలి. అప్పటికి పట్టీలు ఒకదాని మీద ఒకటి సర్దుకుని బిగి కొంత వదులుతుంది. ఆ వదులుతోనే తిరిగితే కట్ట సరిగ్గా సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర విరుగుతుంది. రమ్మంటే డబ్బు కోసం పిలుస్తున్నానని కొందరు అనుకుంటారు. మా దగ్గర ఆ బిగింపుకు డబ్బు తీసుకోం. చిత్తూరు దాకా రాలేకపోతే, టార్క్ రెంచి ఉన్న షెడ్డు ఏది దగ్గరైతే అక్కడే బిగించుకోండి.