యాప్ తీసేస్తే సరిపోతుందా? షార్ట్ వీడియోలపై అపోహలు - వాస్తవాలు

అపోహ: యాప్ తీసేస్తే అలవాటు పోతుంది.

ఎక్కువమందిని దెబ్బతీసేది ఇదే. కోపంలో యాప్ తీసేస్తారు, నాలుగు రోజులకు మళ్లీ వేసుకుంటారు, "నాకు పట్టుదల లేదు" అని తమను తామే తిట్టుకుంటారు. పట్టుదల సంగతి తర్వాత. మెసేజ్‌ల కోసం ఉంచుకున్న ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ ఉన్నాయి, పాఠాల కోసం ఉంచుకున్న యూట్యూబ్‌లో షార్ట్స్ ఉన్నాయి. ఒకటి తీసేస్తే వేలు రెండోదాని మీదికి పోతుంది.

మనల్ని కూర్చోబెట్టేది ఫీడ్, అంటే వేలితో తోస్తుంటే ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉండే వీడియోల వరుస. తర్వాత ఏమొస్తుందో తెలియదు, అప్పుడప్పుడూ బ్రహ్మాండమైనది తగులుతుంది, చివర అనేదే లేదు. ఫలితం ఎన్నోసారికి దక్కుతుందో తెలియనప్పుడు ప్రయత్నం మానడం కష్టమని మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగాలు 1950ల నాటికే చూపించాయి. అదే వీడియోను వెతికి చూస్తే, కావలసింది దొరకగానే ఆగుతాం. కాబట్టి ముందు ఫీడ్‌కు దారి మూయాలి.

యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ ఆపండి, పాత హిస్టరీ కూడా తుడిచెయ్యండి. రెండూ చేస్తేనే హోమ్ పేజీలో సిఫారసులు పోతాయి. పాతది వదిలేసి "పనిచెయ్యలేదు" అనేవాళ్లే ఎక్కువ. సబ్‌స్క్రిప్షన్లు, సెర్చ్ మామూలుగానే ఉంటాయి.

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, డిజిటల్ వెల్‌బీయింగ్, డ్యాష్‌బోర్డ్‌కు వెళ్లి యాప్‌కు టైమర్ పెట్టండి. సమయం అయ్యాక అర్ధరాత్రి దాకా యాప్ తెరుచుకోదు. రోజుకు 2 గంటలు చూసేవాళ్లు మొదటిరోజే 15 నిమిషాలు పెడతారు, మూడోరోజు టైమర్‌నే తీసేస్తారు. ముందు ఒక వారం ఎంత చూస్తున్నారో లెక్క చూసుకోండి, అందులో నాలుగో వంతు కొయ్యండి, తర్వాత వారం వారం తగ్గించండి. ఇంకో చిక్కు, టైమర్ యాప్ మొత్తానికి పడుతుంది. పాఠాలు కూడా ఆగిపోయి విసుగొస్తుంది. వాటిని కంప్యూటర్‌లో చూడండి.

ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ కింద యాప్ లిమిట్స్ ఉంటాయి. పాస్‌కోడ్ లేకపోతే "ఇగ్నోర్ లిమిట్" నొక్కి దాటేస్తారు. పాస్‌కోడ్ వేరొకరి చేత పెట్టించి, "బ్లాక్ ఎట్ ఎండ్ ఆఫ్ లిమిట్" ఆన్ చెయ్యండి. ఆ పాస్‌కోడ్ మీకు తెలిస్తే ఇదంతా దండగ.

అపోహ: డోపమైన్ డిటాక్స్ చేస్తే మెదడు శుభ్రమవుతుంది.

ఫోన్ లాంటి సరదాలన్నీ కొంతకాలం మానెయ్యడాన్ని డోపమైన్ డిటాక్స్ అంటున్నారు. డోపమైన్ మెదడు వాడుకునే ఒక రసాయనం. అది విషం కాదు, కడిగేయడానికి. అది లేకపోతే చెయ్యి కదపడమే కష్టం. ఒక ఆదివారం ఫోన్ పక్కన పెడితే మంచిదే. సోమవారం అదే ఫీడ్ ఎదురుచూస్తుంటుంది.

అపోహ: లైక్ కొట్టకపోతే అల్గారిథమ్‌కు (మనకు ఏ వీడియో చూపాలో ఎంచే ప్రోగ్రామ్‌కు) ఏమీ తెలియదు.

ఎంతసేపు ఆగారు, చివరిదాకా చూశారా, మళ్లీ చూశారా, ఎవరికైనా పంపారా, అన్నీ లెక్కే. తిట్టుకుంటూ చూసినా చూసినట్టే. నచ్చనిదాన్ని వెంటనే దాటెయ్యండి, "నాట్ ఇంట్రెస్టెడ్" నొక్కండి.

అపోహ: నేను ఉపయోగపడేవే చూస్తాను.

చేతిపని విషయంలో నిజమే కావచ్చు. ముడి వేయడం, స్ప్రెడ్‌షీట్‌లో ఫార్ములా రాయడం లాంటివి పేజీల కొద్దీ చదవడం కన్నా నిమిషం వీడియోలో బాగా తెలుస్తాయి. అయితే సాఫీగా చూడగలిగితే వచ్చేసిందనిపిస్తుంది. వీడియో ఆపి, చూడకుండా చేసి చూడండి. ఎక్కడ చెయ్యి ఆగిందో ఆ ఒక్క చోటే మళ్లీ చూడండి. మందుల మోతాదు, చట్టం, పెట్టుబడి మాత్రం వేరు. వాటిలో ప్రాణమంతా మినహాయింపుల్లో ఉంటుంది, నిమిషంలో ముందు ఎగిరిపోయేవి అవే.

అపోహ: మా పిల్లవాడికి ఇది జబ్బే.

కంగారు అర్థమవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో వీడియో గేమ్‌ల రుగ్మత ఉంది, షార్ట్ వీడియోలది లేదు. వాడి నిద్ర, చదువు, స్నేహాలు వారాల తరబడి దెబ్బతింటూ, ఆపాలనుకున్నా ఆపలేకపోతుంటే కౌన్సెలర్‌ను కలవండి. మామూలు గొడవకు ఫోన్ లాక్కోవడం మందు కాదు, "ఇంకో 5 వీడియోలు" అన్న ఒప్పందమూ నిలవదు. ముందే సమయం అనుకుని, అలారం పక్క గదిలో పెట్టండి. ఆపడానికి లేచి వెళ్లాలి. రాత్రి ఫోన్ ఛార్జింగ్ కూడా ఆ గదిలోనే. 18 ఏళ్ల లోపువారికి టిక్‌టాక్ 2023లో పెట్టిన 60 నిమిషాల పరిమితి మీద భరోసా పెట్టుకోకండి, పాస్‌కోడ్ కొడితే అది దాటిపోతుంది.