కౌసిల్లా అంటే మన కౌసల్యే: గయానా చెరకు తోటల మహిళా ఉద్యమంపై అపోహలు - వాస్తవాలు

దక్షిణ అమెరికా ఉత్తర తీరంలోని గయానా దేశంలో, వెస్ట్ కోస్ట్ డెమెరారా తీరంలో లియోనోరా అనే చెరకు ఎస్టేటు ఉండేది. 1964 మార్చి 6న అక్కడ సమ్మెలో ఉన్న ఆడవాళ్లు ఫ్యాక్టరీకి వెళ్లే వంతెన మీద బైఠాయించారు. సమ్మెను విచ్ఛిన్నం చేయడానికి పనిలోకి దిగిన ఒక వ్యక్తి వాళ్ల మీదికి ట్రాక్టరు తోలాడు. పలువురు గాయపడ్డారు, కొందరు జీవితాంతం కోలుకోలేదు. 44 ఏళ్ల కౌసిల్లా మరణించారు. ఆమె నలుగురు బిడ్డల తల్లి, ఆ దేశపు మహిళా ప్రగతిశీల సంస్థలో కార్యకర్త. ఆలిస్ అన్న పేరు కూడా ఆమెకు ఉంది. కౌసిల్లా అన్నది మనకు రామాయణంలో తెలిసిన కౌసల్య పేరే, భోజ్‌పురి నోట అలా మారి కాగితాలకెక్కింది.

నేను గిర్మిట్ కూలీల, అంటే ఒప్పందం మీద విదేశీ తోటలకు వెళ్లిన కూలీల, వలసల చరిత్రను చదువుతూ, బోధిస్తూ ఉంటాను. ఈ రంగంలో నన్ను ఎక్కువగా బాధించే విషయం ఒకటుంది. కౌసిల్లా పేరు తెలిసినవారికి కూడా ఆమె మరణించిన క్షణం మాత్రమే తెలుసు, ఆ వంతెన దాకా ఆమెను, ఆమెతో కూర్చున్న ఆడవాళ్లను తీసుకొచ్చిన నూరేళ్లకు పైబడిన పోరాటం తెలియదు. తరగతిలోనూ సభల్లోనూ నేను తరచుగా వినే అపోహలను ఒక్కొక్కటిగా తీసుకుంటాను.

అపోహ: భారతీయ స్త్రీలు భర్తల వెంట కరీబియన్‌కు వెళ్లిన గృహిణులు.

వాస్తవం: విట్‌బీ, హెస్పరస్ అనే రెండు ఓడలు కలకత్తా నుంచి తొలి భారతీయ కూలీలను 1838 మే 5న బ్రిటిష్ గయానా (స్వాతంత్ర్యానికి ముందు గయానా పేరు) చేర్చాయి. వాటిలో ఆడవాళ్లు చాలా కొద్దిమంది. ఆ తర్వాత 1917 దాకా ఆ ఒక్క వలస రాజ్యానికే 2,38,909 మంది, ట్రినిడాడ్‌కు 1,43,939 మంది వెళ్లారు. తోటల్లో మగవాళ్లు మాత్రమే పోగుపడితే వచ్చే చిక్కులను చూసిన ప్రభుత్వం, నూరుగురు మగవారికి కనీసం 40 మంది స్త్రీలను పంపాలని నియమం పెట్టింది. కూలీలను కూర్చే అర్కాటీలకు ఆ లెక్క నింపడం కష్టమైంది. అందువల్ల వితంతువులు, భర్త వదిలేసినవారు, కరువుకు ఊరు విడిచినవారు, ఇంట్లో హింస భరించలేక బయటపడినవారు పెద్ద సంఖ్యలో ఓడలెక్కారు. మోసపోయి ఎక్కినవాళ్లూ ఉన్నారు, తెలిసి ఎక్కినవాళ్లూ ఉన్నారు. ముఖ్యమైన విషయమేమిటంటే, ఎవరికి వారే తమ పేరున ఒప్పందం కుదుర్చుకున్నారు. ఓడ దిగాక కలుపు తీసే గ్యాంగుల్లో, ఎరువు చల్లే పనిలో మగవాళ్లకంటే తక్కువ కూలికి పనిచేశారు. తన పేరున ఒప్పందం, తన చేతికి వచ్చే కూలి, ఆ కూలిలో కోత పెట్టే సర్దారు (కూలీల గ్యాంగు మేస్త్రీ), ఈ మూడూ ఉన్నచోట ఆడవాళ్లు గొడవ పెట్టుకోవడం నేర్చుకుంటారు. సంఘాలు, జెండాలు రావడానికి చాలా ముందే వాళ్ల బేరసారాలు మొదలయ్యాయి.

అపోహ: తోటల్లో జరిగిన భార్యల హత్యలకు ఆ స్త్రీల నడవడే కారణం.

వాస్తవం: ఇది ఎస్టేటు యజమానులు, వలస అధికారులు రాసిపెట్టిన మాట. దురదృష్టవశాత్తు మన వ్యాసాల్లో కూడా అది అక్కడక్కడా అలాగే దొర్లుతుంది. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో గయానా, ట్రినిడాడ్ తోటల్లో చెరకు నరికే కత్తులతో భార్యలను, కలిసి జీవిస్తున్న స్త్రీలను చంపిన ఘటనలు తరచుగా జరిగాయి. స్త్రీల సంఖ్య తక్కువగా ఉండేలా కూలీలను కూర్చినది ఎవరు? హిందూ, ముస్లిం సంప్రదాయ వివాహాలను చట్టం ముందు చెల్లనీయకుండా దశాబ్దాలు గడిపినది ఎవరు? తోట మీద సర్వాధికారాలూ అనుభవిస్తూ కూలీ స్త్రీల మీద కన్నేసిన ఓవర్సీర్లను ఎవరు కాపాడారు? ఈ ప్రశ్నలను తప్పించుకోవడానికే నేరమంతా చచ్చిపోయిన స్త్రీ శీలం మీదికి నెట్టారు. నివేదికల్లో ఆ వాక్యాలు చదివిన ప్రతిసారీ నాకు కోపం వస్తుంది, ఆ కోపం ఈ పనికి అవసరమనే అనుకుంటాను.

అపోహ: చదువుకున్న నాయకులు వచ్చి చైతన్యం తెచ్చేదాకా ఆడకూలీలు తలవంచుకొని ఉన్నారు.

వాస్తవం: 1903లో బెర్బీస్ ప్రాంతంలోని ఫ్రెండ్స్ ఎస్టేటులో జరిగిన తిరుగుబాటులో సలామియా అనే కూలీ స్త్రీ జనాన్ని పోరాటానికి పురికొల్పినట్లు చరిత్రలో నమోదైంది. 1913 మార్చి 13న రోజ్ హాల్ ఎస్టేటులో పోలీసు కాల్పులతో ముగిసిన ఘర్షణలో 15 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో గోబిందేయీ అనే స్త్రీ ఉంది. ఇక లియోనోరా విషయమే చూద్దాం. 1939 ఫిబ్రవరి 16న, అంటే కౌసిల్లా మరణానికి పాతికేళ్ల ముందు, అదే ఎస్టేటులో సమ్మె చేస్తున్నవారిపై పోలీసులు కాల్పులు జరిపితే నలుగురు చనిపోయారు. వారిలో సుమింత్ర అనే స్త్రీ ఉంది. వెస్టిండీస్‌లో కార్మికుల పరిస్థితిని విచారించడానికి లండన్ పంపిన మోయిన్ కమిషన్ సరిగ్గా ఆ రోజుల్లోనే బ్రిటిష్ గయానాలో ఉంది. విచారణ సంఘం ఊళ్లో ఉండగానే తుపాకులు పేలడంతో చక్కెర యజమానుల సంఘం దిగివచ్చి, కొన్ని వారాల్లోనే ఎంపీసీఏ అనే కార్మిక సంఘానికి గుర్తింపు ఇచ్చింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి, ఎందుకంటే 1964 అర్థం కావడానికి తాళంచెవి ఇదే. సుమింత్ర వంటివారి నెత్తుటితో గుర్తింపు సంపాదించుకున్న ఆ సంఘం క్రమంగా యజమానులకు దగ్గరైంది. దానిమీద నమ్మకం పోయిన కూలీలు వేరే సంఘం కోరుకున్నారు. 1948 జూన్ 16న ఎన్మోర్ అనే మరో ఎస్టేటులో పోలీసు తూటాలకు బలైన ఐదుగురూ ఆ కోరికతో సమ్మెలో ఉన్నవారు. సింగరేణిలో గుర్తింపు సంఘం ఎన్నికలు ఎంత హోరాహోరీగా జరుగుతాయో చూసినవారికి ఈ విషయం విడమరచి చెప్పనక్కర్లేదు. ఎవరు తమ తరఫున యాజమాన్యం ఎదుట కూర్చోవాలో కూలీలే ఓటు వేసి తేల్చాలన్నది డిమాండు. అలాంటి ఓటింగుకు వీలు కల్పించే చట్టాన్ని భారతీయ సంతతి నాయకుడు ఛేదీ జగన్ ప్రభుత్వం 1953లో సభలో ఆమోదింపజేసింది. మరునాడే, అక్టోబరు 9న, బ్రిటన్ రాజ్యాంగాన్ని సస్పెండ్ చేసింది. ఆ ప్రభుత్వం నడిచినది 133 రోజులు. 1963లో అలాంటి బిల్లునే మళ్లీ తెస్తే 80 రోజుల సార్వత్రిక సమ్మెతో దేశం స్తంభించింది. ఆ సమ్మెకు అమెరికా గూఢచారి సంస్థ సొమ్ము అందిందని తర్వాతి కాలంలో వెల్లడైంది. చట్టం దారి రెండుసార్లు మూసుకుపోయాక 1964 ఫిబ్రవరిలో గావు అనే కొత్త కార్మిక సంఘం గుర్తింపు కోసం సమ్మెకు దిగింది.

అపోహ: లియోనోరాలో జరిగినది గుంపులో జరిగిన ప్రమాదం, కౌసిల్లా దారిన పోతూ అందులో చిక్కుకుంది.

వాస్తవం: కాదు. ఆ తీరం సముద్రమట్టానికి దిగువన ఉన్న నేల. డచ్చివారి కాలం నుంచి గట్లు, తూములు, కాలువలతో చెరకు మళ్లను కాపాడుకుంటూ వచ్చారు. చెరకు ఇనుప పడవల మీద కాలువల్లో ఫ్యాక్టరీకి చేరుతుంది. మనుషులు, బండ్లు కాలువ దాటాలంటే వంతెనే దారి. నరికిన చెరకు ఎక్కువ సేపు ఆగితే తీపి తగ్గుతుంది, ఫ్యాక్టరీ ఆగితే నష్టం గంటగంటకూ పెరుగుతుంది. కాబట్టి వంతెన మీద కూర్చోవడమంటే ఎస్టేటు గొంతు పట్టుకోవడమే. ఆ చోటును ఎంచుకున్నది తోట లోపలి పని తీరు క్షుణ్ణంగా తెలిసినవాళ్లు. చేతిలో ఆయుధం లేకుండా, పక్కపక్కన కూర్చొని, లేవమంటే లేవకుండా ఉండాలంటే ముందుగా ఇంటింటికీ తిరిగి మాట్లాడినవాళ్లు ఉండాలి, పిల్లలను ఎవరు చూస్తారో తేల్చుకొని ఉండాలి. నిర్మాణం అంటే ఈ పనే, దీనికి ఫొటోలు ఉండవు, ప్రసంగ పాఠాలు ఉండవు. ట్రాక్టరు నడిపిన వ్యక్తిని కోర్టులో విచారించి నిర్దోషిగా వదిలిపెట్టారు. ఆ తీర్పు చూసి ఇది ప్రమాదమే అనుకునేవారు, ఆడవాళ్లు అక్కడికి ఎందుకు వచ్చారో, ట్రాక్టరు ఎందుకు వచ్చిందో కూడా అడగాలి.

సమ్మె ఐదు నెలలకు పైగా సాగింది. కూలి రాని ఐదు నెలలు ఇంటి పొయ్యి మీద ఎలా గడుస్తాయో, అంగట్లో అప్పు ఎవరు అడగాల్సి వస్తుందో ఆలోచిస్తే, ఈ సమ్మెను మగవాళ్ల సమ్మెగా రాసే పుస్తకాల మీద నాకున్న అభ్యంతరం అర్థమవుతుంది.

అపోహ: ఆమె బలిదానంతో యాజమాన్యం లొంగిపోయింది.

వాస్తవం: లొంగలేదు. జూలైలో సమ్మె ముగిసే నాటికి గుర్తింపు రాలేదు. 1966 మే 26న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, గుర్తింపు మాత్రం అప్పటికీ రాలేదు. చివరికి 1975 డిసెంబరు 31న కూలీల ఓటింగు జరిగితే 98 శాతం గావు వైపే మొగ్గారు. 1976లో గుర్తింపు దక్కింది. వంతెన నుంచి అక్కడికి పన్నెండేళ్లు.

అపోహ: ఇదంతా భారతీయుల సొంత వ్యవహారం, ఆఫ్రికన్ సంతతి స్త్రీలకు దీనితో సంబంధం లేదు.

వాస్తవం: 1964లో గయానా భారతీయ, ఆఫ్రికన్ సంతతుల మధ్య ఘోరమైన హింసను చూసింది. వందకు పైగా ప్రాణాలు పోయాయి, మే నెలలో విస్మార్ పట్టణంలో భారతీయ కుటుంబాలపై, స్త్రీలపై జరిగిన దాడుల గాయం ఇప్పటికీ మానలేదు. ఈ చీలికను దాచి చరిత్ర చెప్పకూడదు. అయితే మహిళా ఉద్యమం ఒక జాతి సొత్తుగా పుట్టలేదు. 1946లో మహిళా రాజకీయ, ఆర్థిక సంస్థను స్థాపించిన వారిలో జానెట్ జగన్ (ఛేదీ జగన్ భార్య) చికాగోలో పుట్టిన తెల్లజాతి మహిళ, వినిఫ్రెడ్ గాస్కిన్ ఆఫ్రికన్ సంతతి మహిళ. 1953 ఎన్నికల్లో సభకు ఎన్నికైన ముగ్గురు స్త్రీలు జానెట్ జగన్, జెస్సీ బర్న్‌హామ్, జేన్ ఫిలిప్స్-గే. తర్వాతి తరంలో, 1986లో, అందయ్యే, కరెన్ డిసౌజా తదితరులు రెడ్ థ్రెడ్ సంస్థను మొదలుపెట్టారు. వాళ్లు ఉపన్యాసాలతో మొదలుపెట్టలేదు, ఎంబ్రాయిడరీ పనితో మొదలుపెట్టారు. దేశం ఆర్థికంగా కుదేలైన రోజుల్లో వేర్వేరు జాతుల పేద స్త్రీలు సూది, దారం పట్టుకొని ఒకచోట కూర్చోవడానికి ఆ పని ఒక దారి చూపింది. ఇంటి చాకిరీకి విలువ, గృహహింస వంటి విషయాలు ఆ తర్వాత ఆ కూర్చోవడంలో నుంచే ముందుకొచ్చాయి. ఎర్రదారం అన్న పేరు నాకు ఎంతో ఇష్టం.

అపోహ: కరీబియన్ భారతీయుల్లో తెలుగువాళ్లు లేరు.

వాస్తవం: ఓడలన్నీ కలకత్తా నుంచే వెళ్లలేదు. మద్రాసు రేవు నుంచి కూడా బ్రిటిష్ గయానాకు సుమారు 15 వేల మంది వెళ్లారు. వారిలో ఎక్కువమంది తమిళులు, తెలుగువాళ్లు. అక్కడ ఎవరి భాష ఏదన్నది పట్టించుకోకుండా అందరినీ 'మద్రాసీ' అనే ఒకే మాటతో పిలిచారు. ఒకటి రెండు తరాల్లో భాష పోయింది, కాళీమాయి కొలుపులు, తప్పెట దరువు మిగిలాయి. ఇది నిజమైన బంధం. కానీ దీన్ని పట్టుకొని లియోనోరా పోరాటాన్ని మన ఖాతాలో రాసుకోవాల్సిన పని లేదు. కౌసిల్లా గయానా స్త్రీ, ఆమె కోరిన హక్కు గయానా కూలీల హక్కు.

కలిసి ఓడ ప్రయాణం చేసినవారు ఒకరినొకరు 'జహాజీ' అని పిలుచుకునేవారు, అంటే ఓడ చుట్టాలు. ఊరు, కులం, మతం వేరైనా ఆ చుట్టరికాన్ని రక్తబంధంగా పాటించేవారు. గయానా, ట్రినిడాడ్‌ల నుంచి మళ్లీ వలసపోయిన కుటుంబాలు న్యూయార్క్ నగరం క్వీన్స్‌లోని రిచ్‌మండ్ హిల్‌లో పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. 2007లో ఆ నగరంలో యువతులు ఇండో-కరీబియన్ కుటుంబాల్లోని హింసకు వ్యతిరేకంగా ఒక సంఘం పెట్టుకున్నారు. దానికి 'జహాజీ సిస్టర్స్' అని పేరు పెట్టుకున్నారు. గయానాలో ఏటా మార్చి 6న కౌసిల్లాను స్మరించుకునే సభ జరుగుతుంది, రెండు రోజులకే అంతర్జాతీయ మహిళా దినోత్సవం వస్తుంది.