గింజగింజకూ వేరే తండ్రి

అమెరికాలో ఉంటున్న ఒక పాఠకురాలు తన పెరట్లో 'గ్లాస్ జెమ్' రకం మొక్కజొన్న వేశారట. ఒకే కంకిలో ఊదా, గులాబీ, నీలం, పసుపు గింజలు పక్కపక్కనే ఉన్నాయని, కొన్నింటిమీద చుక్కలు కూడా పడ్డాయని, ఇది జన్యుమార్పిడి పంటేమోనని భయంగా ఉందని రాశారు. భయపడనక్కర్లేదు. ఓక్లహోమాకు చెందిన, చెరోకీ అనే అమెరికా ఆదివాసీ తెగ మూలాలున్న రైతు కార్ల్ బార్న్స్ పాత దేశవాళీ రకాలను సేకరించి, మంచి రంగులున్న కంకులను ఏటేటా ఏరి నాటుతూ దీనిని రూపొందించారు. 2012లో దీని ఫొటో ఇంటర్నెట్‌లో పాకడంతో ప్రపంచానికంతా తెలిసింది.

అసలు విశేషమంతా కంకి కొసన వేలాడే పీచులో ఉంది. ఒక్కో పోగు ఒక్కో గింజకు చెందినది. గాలికి వచ్చిన పరాగరేణువు పోగుమీద పడగానే మొలిచి, దాని వెంబడి సన్నని నాళాన్ని అండం దాకా దించుతుంది. అందులో రెండు పురుషకణాలు వస్తాయి: ఒకటి అండకణంతో కలిసి పిండమవుతుంది, రెండోది తల్లివైపు రెండు కేంద్రకాలతో కలిసి, పిండానికి ఆహారమైన అంకురచ్ఛదంగా ఎదుగుతుంది. దీనినే ద్విఫలదీకరణం అంటారు. 1898లో రష్యా వృక్షశాస్త్రవేత్త నవాషిన్ దీనిని కనుగొన్న మరుసటి ఏడాదే, మొక్కజొన్న గింజల రంగుకు కారణం ఇదేనని డివ్రీస్, కోరెన్స్ అనే మరో ఇద్దరు వృక్షశాస్త్రవేత్తలు గుర్తించారు. మామిడికాయ ఎవరి పుప్పొడితో కట్టినా కండ రుచి తల్లిచెట్టుదే. మొక్కజొన్నలో మాత్రం మనం చూసే గింజలో అధికభాగం అంకురచ్ఛదమే కాబట్టి, తండ్రి ప్రభావం ఈ పంటలోనే, ఈ కంకిమీదే కనిపిస్తుంది. పోగుపోగుకూ వేరే మొక్క పుప్పొడి అందితే గింజగింజకూ వేరే తండ్రి ఉన్నట్టే.

గింజను అడ్డంగా కోసి చూస్తే రంగు మూడు చోట్ల ఉండవచ్చు. పైనున్న ఫలకవచం పూర్తిగా తల్లిది కాబట్టి, అది ఎర్రగా ఉంటే కంకి మొత్తం ఎర్రబడుతుంది. (పూర్వం అమెరికా పల్లెల్లో అందరూ కూడి కంకులు ఒలిచేటప్పుడు ఎర్ర కంకి దొరికినవారిని అదృష్టవంతులుగా భావించేవారు; ఆ అదృష్టం తల్లిమొక్కలోని ఒక జన్యువుది.) దాని కింద, అంకురచ్ఛదానికే చెందిన, ఒకే కణం మందాన ఉండే ఆల్యూరోన్ పొర ఆంథోసయనిన్లనే వర్ణకాలతో ఊదాగానో నీలంగానో ఉంటుంది. ఇంకా లోపలి పిండిభాగం కెరోటినాయిడ్లనే పసుపు వర్ణకాలుంటే పసుపు, లేకపోతే తెలుపు. గ్లాస్ జెమ్‌లో పైపొర గాజులా ఉండడం వల్ల లోపలి రంగులు మెరుస్తాయి.

ఇక చుక్కల సంగతి. అమెరికా జన్యుశాస్త్రవేత్త బార్బరా మెక్లింటాక్ 1940లలో న్యూయార్క్ రాష్ట్రంలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో ఇలాంటి గింజలను పరిశీలించి, క్రోమోజోమ్‌లో ఒకచోటి నుంచి మరోచోటికి దూకే డీఎన్‌ఏ ముక్కలున్నాయని తేల్చారు. రంగునిచ్చే జన్యువు పొలానికి నీరు పారే కాలువ అయితే, ఈ ముక్క తూములో ఇరుక్కున్న రాయి. రాయి ఉన్నంతసేపు రంగు పారదు. కణం విభజన చెందిన ప్రతిసారీ రాయితో సహా నకలవుతుంది; ఎప్పుడో ఒక కణంలో రాయి జారిపోతే, దాని సంతతి కణాలన్నిటికీ రంగు అందుతుంది. గింజ ఎదుగుదల మొదట్లోనే, అంటే ఎగువ కాలువలో, జారితే దిగువ మడులన్నీ తడిసి పెద్ద మచ్చ పడుతుంది. చివర్లో జారితే ఒకటి రెండు మడులే తడిసి సూదిమొనంత చుక్క మిగులుతుంది. జారిన రాయి మరో కాలువకు అడ్డుపడవచ్చు కూడా. అందువల్ల ఒక్క గింజమీది చుక్కల పరిమాణం చూసి, ఆ దూకుళ్లు ఎప్పుడెప్పుడు జరిగాయో చదవవచ్చు. ఈ పనికి ఆమెకు 1983లో, 81 ఏళ్ల వయసులో నోబెల్ వచ్చింది. మన పాఠశాలల్లో తల్లిదండ్రుల లక్షణాలు సంతానంలో ఏ లెక్కన వస్తాయో చెప్పే మెండెల్ నిష్పత్తులను బోర్డుమీద గళ్లు గీసి బట్టీ పట్టిస్తారు. ఊదా, పసుపు గింజలు మూడుకు ఒకటిగా ఉన్న ఒక్క కంకిని పిల్లల చేతికిచ్చి లెక్కపెట్టిస్తే ఆ పాఠం జీవితాంతం గుర్తుండిపోతుంది.

పెంచే పద్ధతి కష్టమేమీ కాదు. ఒకే వరుసగా కాక, పుప్పొడి అన్ని పీచులకూ అందేలా నాలుగైదు వరుసల గుంపుగా నాటాలి. దగ్గర్లో స్వీట్‌కార్న్ ఉంటే రెండు మూడు వారాల తేడాతో విత్తాలి. లేకపోతే ఈ రంగుల పుప్పొడి పడి ఆ తీపి గింజలు కూడా పిండిగా మారతాయి. కంకిని లేతగా కోయకుండా, పైతొడుగు ఎండేదాకా మొక్కమీదే ఉంచాలి. విత్తనానికి ఒక్క అందమైన కంకినే కాక పలు మొక్కల కంకులనుంచి గింజలు కలపాలి, ఎందుకంటే దగ్గరి బంధుత్వంలో పదేపదే సంపర్కం జరిగితే మొక్కజొన్న త్వరగా బలహీనపడుతుంది. ఈ గింజలు గట్టివి కాబట్టి కాల్చుకుని తినడానికి పనికిరావు, పిండి పట్టించుకోవచ్చు, పేలాలు వేయించుకోవచ్చు. అయితే ఎరుపు, ఊదా, నీలం రంగులు పైపొరల్లోనే ఉండి, విచ్చుకునేది లోపలి పిండి కావడంతో, ఎంత రంగురంగుల గింజ వేయించినా పేలాలు తెల్లగానో లేత పసుపుగానో వస్తాయి.